బొమ్మ కారు గంటకు 435 కిలోమీటర్లు పోతుందా?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి ఈసారి థర్మాకోల్ మోడళ్లు వద్దన్నాం. అమ్మానాన్నలు రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని అతికించిన అగ్నిపర్వతాన్ని పిల్లలు పొద్దున్నే ఆటోలో జాగ్రత్తగా పట్టుకురావడం ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. అందులో పిల్లలు నేర్చుకునేది తక్కువ, మీకు నిద్ర తక్కువ. దాని బదులు తొమ్మిదో తరగతికి ఒక పాత రిమోట్ కారు ఇచ్చి, ‘దీన్ని నడపకుండానే ఎంత వేగంతో పోతుందో చెప్పండి’ అన్నాం.

మోటారు మీద 3000 కేవీ అని ఉంది. సగం క్లాసు దాన్ని కిలోవోల్టులనుకుని దూరం జరిగింది! నిజానికి అది ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. బ్యాటరీ 7.4 వోల్టులు కాబట్టి గుణిస్తే నిమిషానికి 22,200 చుట్లు. ఇంతవరకు ఐదు నిమిషాల్లో అయిపోయింది.

అసలు పని గేర్ల దగ్గర మొదలైంది. మోటారు కొసకున్న చిన్న గేరుకు 20 పళ్లు. దాన్ని ఆనుకుని తిరిగే పెద్ద గేరుకు ఎన్ని పళ్లన్నది తేలడానికి అరగంట పట్టింది. గ్రీజు పట్టి పళ్లన్నీ నల్లగా ఒక్కలాగే ఉన్నాయి. ఒకరు 79 అంటే ఇంకొకరు 81 అన్నారు. చివరికి ఒకమ్మాయి మొదటి పంటికి తెల్ల చాక్‌పీసు రాసి, అగ్గిపుల్లతో ఒక్కొక్కటీ పక్కకు తోస్తూ లెక్కపెట్టింది. 80 వచ్చాయి. లోపల, మోటారు తిప్పుడును రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌లో ఇంకో జత గేర్లున్నాయి, విప్పితే మళ్లీ బిగించగలమో లేదో తెలియదు. అందుకని పెద్ద గేరును చేత్తో ఐదు చుట్లు తిప్పారు, వెనక చక్రాలు రెండే తిరిగాయి. అంటే రెండున్నరకు ఒకటి.

చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 20.4 సెంటీమీటర్లు. ఒక్క చుట్టుకు కారు అంత దూరం పోతుంది. అన్నీ కలిపి ఒక జట్టు బోర్డు మీద రాసిన జవాబు: గంటకు 435 కిలోమీటర్లు.

క్లాసంతా చప్పట్లు. వెనక బెంచీ నుంచి ఒకడు, ‘మేడం, మన కాజీపేట మీదుగా పోయే వందే భారత్‌ను ట్రయల్‌లో నడిపిందే 180 కదా’ అన్నాడు. అప్పుడు చూసుకుంటే, 20 పళ్ల గేరు నాలుగు చుట్లు తిరిగితే గానీ 80 పళ్లది ఒక చుట్టు తిరగదు. నాలుగుతో భాగించాల్సిన చోట గుణించారు. సరిచేస్తే మోటారు పది చుట్లకు చక్రం ఒక చుట్టు, నిమిషానికి 2,220 చుట్లు, గంటకు 27 కిలోమీటర్లు. తప్పు జవాబును చెరిపేయొద్దని నేనే చెప్పాను, ఇంకా బోర్డు మూలన ఉంది.

తర్వాత గ్రౌండ్‌లో టేపు పట్టి 20 మీటర్లు గీశారు. కారు ముందే వేగం అందుకునేలా కొంత వెనక నుంచి వదిలారు. మూడుసార్ల సగటు 3.3 సెకన్లు, అంటే గంటకు దాదాపు 22. మిగతా ఐదు ఎటు పోయింది? దీని మీద జరిగిన గొడవ పక్క క్లాసు దాకా వినిపించింది. కేవీ అంకె బరువు లేకుండా ఊరికే తిరిగే మోటారుది. కారును లాగుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది. మన గ్రౌండ్ దుమ్ములో చక్రాలు జారతాయి. ఇవన్నీ వాళ్లే చెప్పారు. స్టాప్‌వాచ్ నొక్కిన వేలిని మాత్రం ఎవరూ అనుమానించలేదు, అది మా సైన్స్ సార్ గుర్తుచేయాల్సి వచ్చింది. 3.1 సెకన్లకు 23 వస్తుంది, 3.5కు 20.6.

ఇక మీతో రెండు మాటలు. ఇది చూసి పిల్లలు కొత్త రిమోట్ కారు అడుగుతున్నారని ఇప్పటికే ముగ్గురు ఫోన్ చేశారు. దయచేసి కొనకండి. ఇంట్లో పాత సైకిల్ ఉంటే చాలు. పెడల్ దగ్గర 44 పళ్లు, వెనక 18 ఉన్నాయనుకోండి, ఒక తొక్కుడుకు వెనక చక్రం సుమారు 2.4 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టూ దారం చుట్టి కొలిస్తే మిగతాది పిల్లలే చెబుతారు. మీరు పక్కన కూర్చోండి, లెక్క మాత్రం చేసిపెట్టకండి.

ఇప్పటికే ఇంట్లో ఇలాంటి కారు ఉన్నవాళ్లు లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి పడుకోకండి. ఉబ్బితే ఇక వాడకండి. జడలున్న పిల్లలు గేర్ల దగ్గర తల వంచకుండా చూడండి, మేము క్లాసులో అందరికీ జడలు ముడి పెట్టించాం.

వచ్చే శనివారం పది గంటలకు ఎనిమిదో తరగతి వంతు. పనిచేయని టేబుల్ ఫ్యాన్, కుట్టుమిషన్ చక్రం, గిర్రున తిరిగేది ఏదున్నా పంపండి. విప్పాక తిరిగి బిగిస్తామని మాత్రం హామీ ఇవ్వలేను.

మీ ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ