అమ్మకు, థైరాయిడ్ రిపోర్టు గురించి

బర్మింగ్‌హామ్

అమ్మా,

చెల్లి పంపిన రిపోర్టు చూశాను. టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పనిచేయమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోను, 7.8 అని లావు అక్షరాల్లో పడేసరికి కంగారుపడి, 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ బిళ్లను నువ్వే 100 చేసుకుందామనుకున్నావట. ఆగు. దాని కింది లైను చూడు. ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోను, 1.7. ల్యాబు వాళ్లు పక్కనే వేసిన హద్దు 0.8 నుంచి 1.8. అంటే పైకొసన ఉంది. మందు నిజంగా చాలకపోతే టీఎస్‌హెచ్ పెరిగి, టీ4 కింది కొసకు జారాలి కదా! టీఎస్‌హెచ్ ఎక్కువుండి, టీ4 కూడా పైకొసనే ఉందంటే ముందు అనుమానించాల్సింది ఒకటే: కొన్ని వారాలుగా బిళ్లలు తప్పుతున్నాయి, రక్తం ఇచ్చే రోజున మాత్రం వేసుకుని వెళ్లావు. బిళ్ల మింగాక కొన్ని గంటలపాటు టీ4 ఎక్కువ చూపిస్తుంది. టీఎస్‌హెచ్ అలా గంటల్లో మారదు, గడిచిన వారాల లెక్క చెబుతుంది. వేరే కారణాలూ ఉన్నాయి గానీ అవి అరుదు. తప్పిన రోజులుంటే దాచకుండా డాక్టరుగారికి చెప్పు, డోసు సంగతి ఆయన చూస్తారు. అనవసరంగా పెంచితే ఈ వయసులో గుండె దడ, ఎముకలు గుల్లబారడం మొదలవ్వొచ్చు.

బిళ్ల పరగడుపున, మంచినీళ్లతోనే. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట, కాఫీ కూడా వద్దు. నీకు అదే కష్టమని తెలుసు. కాఫీ ఆగదంటే డాక్టరుగారినడిగి, రాత్రి భోజనమైన 3 గంటలకు వేసుకునేలా మార్చుకో. కాల్షియం, ఐరన్ బిళ్లలకు మాత్రం 4 గంటల ఎడం ఉండాల్సిందే. పేగులోనే ఇవి థైరాయిడ్ మందును పట్టేసుకుని ఒంట్లోకి పోనివ్వవు. నువ్వు టిఫిన్ కాగానే వేసుకునే కాల్షియాన్ని మధ్యాహ్నం అన్నం తర్వాతకి జరుపు. థైరాయిడ్ బిళ్లల సీసా పొయ్యి పక్క అలమరలోంచి తీసి పడగ్గదిలో పెట్టు. వేడికీ చెమ్మకీ మందు బలం తగ్గుతుంది.

ఇక్కడ వదిన రిపోర్టులో ఫ్రీ టీ4 15 ఉంటే నీది 1.7 ఏమిటని అడిగావు. ఇక్కడ కొలమానం వేరు. ఇక్కడి లెక్కలో నీది సుమారు 22. టీఎస్‌హెచ్ అంకె మాత్రం రెండుచోట్లా ఒకటే.

మళ్లీ పరీక్ష రేపే చేయించుకుంటే లాభం లేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అందుకే రోజూ సరిగ్గా వేసుకుంటూ 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఆ రోజు పొద్దున్నే వెళ్లి, రక్తం ఇచ్చాకే బిళ్ల వేసుకో. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే కనీసం 2 రోజుల ముందు ఆపు. చాలా ల్యాబుల పద్ధతిలో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపించి మోసం చేస్తుంది. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రాయిస్తే చాలు. యాంటీ టీపీఓ (మన ఒళ్లే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసే పరీక్ష) ఒకసారి పాజిటివ్ వచ్చాక మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ, దాన్ని బట్టి డోసు మార్చరు.

ఈలోగా గుండె దడగా ఉన్నా, ఆయాసం వచ్చినా 6 వారాలని కూర్చోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈసారి రిపోర్టు మొత్తం పడేలా ఫోటో తీయమని చెల్లికి చెప్పు, మొన్న రక్తం తీసిన టైము ఉన్న పైభాగం తెగిపోయింది.

నీ
చిన్నోడు