ఫ్లష్ నీటి కంపా? ఫిల్టర్ కూడా చూడండి

సంపాదకులకు,

శుద్ధి చేసిన మురుగునీరు ఫ్లష్‌లో కంపు కొడుతోందని హైదరాబాద్‌లో కొన్ని అపార్ట్‌మెంట్లు ఆ లైనే మూసేస్తున్నాయి. ఇది బాధాకరం. ఈ కంపుకు ఒక కారణం ఇసుక ఫిల్టర్‌ను వేళకు కడగకపోవడం. ఫిల్టర్‌కు ముందూ వెనుకా ఉన్న ప్రెషర్ గేజ్‌ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు అరకిలో దాటితే ఆ రోజే బ్యాక్‌వాష్ (నీటిని ఎదురు పంపి కడగడం) చేయాలి. సైట్ గ్లాస్‌లో (బయటికి పోయే నీరు కనిపించే గాజు భాగం) నీరు తేటపడేదాకా, సుమారు 10 నుంచి 15 నిమిషాలు కింది నుంచి పైకి నీరు పంపాలి. ఆలస్యమైతే జిగురు పట్టి ఇసుక ఉండలు కడుతుంది. నీరు వడకట్టకుండానే పక్కల నుంచి జారిపోతుంది. కడిగిన నీటిని ప్లాంటులోని మొదటి ట్యాంకుకే మళ్లించాలి. క్లోరిన్‌ను కార్బన్ (బొగ్గు) ఫిల్టర్ తర్వాతే వేయాలి, ముందు వేస్తే దాన్ని బొగ్గే తినేస్తుంది. వేసిన అరగంటయ్యాక నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ అయినా మిగలాలి. కమిటీలు ఈ రీడింగులు రోజూ రాయించాలి.

- శుద్ధి ప్లాంట్ల నిర్వాహకులు, హైదరాబాద్