గ్యాస్ బండతో పరీక్ష

ఒరేయ్ మావా,

ఎలా ఉన్నావ్? మొన్న ఫోన్లో నా అక్వేరియం కింద ఫిల్టరు కోసం చేసిన ఆ సొరుగు సంగతి సగం చెప్పి పెట్టేశాను కదా, ఇప్పుడు మొత్తం రాస్తా, తీరిగ్గా చదువుకో. నువ్వూ గుంటూరులో నాలుగడుగుల అక్వేరియం పెడతానంటున్నావు. నేను పడ్డ తిప్పలు నీకెందుకు.

నా ట్యాంకు నీకు తెలిసిందే. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా నింపితే 255 లీటర్ల దాకా పడతాయి. దాని కింద అరలో ఫిల్టరు, పక్కన నీళ్ళని చల్లబరిచే చిల్లరు మిషను. ఫిల్టరు కడగాలంటే నేలమీద బోర్లా పడుకుని, తల లోపలికి దూర్చి, నీళ్ళతో నిండిన ఆ డబ్బాని చేతులు చాపి లాక్కోవాలి. ఉగాది ముందు రోజు అలా లాగుతుంటే నడుం పట్టేసింది. మూడు రోజులు లేవలేదు. మా ఆవిడ "చేపలు హాయిగా ఈదుతున్నాయి, మీరే ఒడ్డున పడ్డ చేపలా ఉన్నారు" అంది. అప్పుడే అనుకున్నా, ఈ రెండిటినీ ఒక బల్ల మీద పెట్టి, వంటింటి సొరుగులాగా బయటికి లాగేలా చేయాలని.

తూకం వేశా. నీళ్ళతో ఫిల్టరు 16 కిలోలు, చిల్లరు 14. మొత్తం 30, అంటే నిండు గ్యాస్ బండంత. ఇక్కడ బెజవాడ వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ కొట్టుకెళ్ళి 18 అంగుళాల టెలిస్కోపిక్ ఛానళ్ళు, అదే సొరుగులు జారే ఇనప పట్టాలు, ఒక జత తెచ్చా. 45 కిలోలు మోస్తాయన్నాడు. 30 ఎంతలే అనుకున్నా.

వాటిని పక్కల నిలువుగా బిగించాలి. నాకు పక్కన చోటు తక్కువని బల్ల అడుగున పడుకోబెట్టి బిగించా. ఫిల్టరు పెట్టి చూసే ధైర్యం లేక, స్పేర్ గ్యాస్ బండ దొర్లించుకొచ్చి పైన నిలబెట్టా. లోపలున్నంతసేపూ బాగానే ఉంది. బయటికి లాగే కొద్దీ ముందంచు తలవంచుకుంటూ వచ్చి, పూర్తిగా లాగేసరికి నేలకి ఆనింది. లోపల్నుంచి టకటకా చిన్న చిన్న ఇనప గుళ్ళు రాలి సోఫా కిందకి దొర్లిపోయాయి. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి "గ్యాసయిపోయింది, ఆ బండ ఇలా తెండి" అని కేక!

తర్వాత అర్థమైంది. స్కేలుని పడుకోబెట్టి నొక్కితే వంగుతుంది, అంచు మీద నిలబెట్టి నొక్కితే వంగదు. ఛానలూ అంతే. 45 కిలోలన్నది నిలువుగా బిగించి, బరువు బల్లంతా సమంగా పరిచినప్పటి మాట. పడుకోబెడితే అందులో కొంతే మోస్తుంది.

ఇక ఆటోనగర్ వెళ్ళా. అక్కడి వెల్డరు లారీ బాడీలు చేసే మనిషి. నా కాగితం చూసి "చేపలకా సార్? నేను లారీకేమో అనుకున్నా" అన్నాడు. ఎల్ యాంగిల్ ముక్కలతో రెండు నిలువు స్టాండ్లు చేసి, బోల్టులేసుకోవడానికి రంధ్రాలు కూడా పెట్టిచ్చాడు. వాటికి లావుపాటి హెవీ డ్యూటీ ఛానళ్ళు నిలువుగా బిగించా. బల్లకి ఐఎస్ 710 ముద్ర ఉన్న, అంటే నీళ్ళకి తట్టుకునే రకం 18 ఎంఎం ప్లైవుడ్ వాడా. తడి తగిలే చోట మామూలు ప్లై పెడితే పొరలు లేచిపోతాయి.

ఛానలు మందానికి తగ్గట్టు అటూ ఇటూ చోటు వదలాలి, అది వదిలా. కానీ తలుపు తెరిచి కొలవలేదురా! తలుపు బారుగా తెరిచినా దాని మందం, కబ్జా కలిసి దారిలోకి అంగుళం దాకా వస్తున్నాయి. బల్ల వెళ్ళి దానికి ఠక్కున కొట్టుకుంది. కుడి స్టాండు విప్పి లోపలికి జరిపి, బల్లని అంగుళం కోయించా. ఇది నువ్వు మాత్రం చేయకు.

అసలు టెన్షన్ పైపులతో వచ్చింది. బల్ల అడుగున్నర బయటికొస్తే పైపులూ అడుగున్నర రావాలి. లోపలికి తోసినప్పుడు ఆ మిగులు మడతపడి నీళ్ళు ఆగిపోకూడదు. అందుకని వెనక్కి వెడల్పుగా వంపు తిప్పి, పైన ఒక్కచోటే కట్టా. వంపు మరీ పైకి లేస్తే గాలి చేరుతుంది, అది చూసుకో. కరెంటు తీగని ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా వదిలా. తీగ మీద నీళ్ళు జారితే కిందకి పడాలి గానీ ప్లగ్గులోకి పోకూడదు. బల్ల మీద అంగుళం అంచున్న స్టీలు ట్రే పెట్టా. ఫిల్టరు విప్పినప్పుడు ఒలికినవన్నీ అందులోనే ఆగుతున్నాయి.

ఒక జాగ్రత్త. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బల్ల బయటికి లాగినా ట్యాంకు స్టాండు కదలదు, పైన పావు టన్ను నీళ్ళు కూర్చున్నాయి కదా. ట్యాంకు ఖాళీ చేసిన రోజు మాత్రం లాగకు, ముందుకు తూలొచ్చు. చిన్న గడియ కూడా బిగించా, మా బుడ్డోడు లాక్కుంటాడని.

అనుకోకుండా ఒక లాభం కలిసొచ్చింది. చిల్లరు మూసిన అరలో ఉంటే తను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకునేది. మన బెజవాడ మే నెలలో అది అస్తమానం మోగుతూనే ఉండేది. ఇప్పుడు మధ్యాహ్నం బల్ల సగం బయటికి లాగి వదిలేస్తున్నా, మధ్యమధ్యలో ఆగుతోంది. రాత్రి లోపలికి తోయడం మర్చిపోయి దాని మూలకి కాలివేలు కొట్టుకున్న సంగతి మా ఆవిడతో అనకు.

నీ అర తలుపు తెరిచి, లోపలి వెడల్పు కొలిచి నాకు పంపు. ఆటోనగర్లో చేయించి బస్సులో పట్టుకొస్తా. నా డ్రిల్లింగ్ మిషను నీ దగ్గరే ఉండిపోయింది, కనిపించే చోట పెట్టు. ఇదంతా పక్కింటాయన మిషనుతో చేశా, ఆయన రోజూ అడుగుతున్నాడు.

ఉంటా మరి,
నీ మావ