కలెక్టర్ గారూ, డయాలసిస్ గది బయట నాలుగు బెంచీలు వేయించండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం. కిందటి నెల మా అమ్మ పోయింది, 84 ఏళ్లు. మాది ఉద్దానం, కవిటి పక్కన ఊరు. నాన్నకి కిడ్నీలు పాడైతే ఆరేళ్లు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లింది, ఆయన పోయాక ఇక ఆ ఆసుపత్రి మొహం చూడదనుకున్నాం గానీ పెద్దకర్మ అయిన వారానికే మళ్లీ అదే బస్సెక్కింది, ఈసారి తోడు లేని ఊరివాళ్ల కోసం. "భయపడకు బాబూ, నానొస్తాను పద" అనేది. చేతిలో స్టీలు క్యారేజీ, మూత సొట్టపడి సరిగ్గా పట్టదు, పాత చీర ముక్కతో కట్టేది. డయాలసిస్ చేయించుకునేవాళ్లు నీళ్లు ఎక్కువ తాగకూడదు కదా, చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేది. నలుగురు పిల్లల్ని ఎలా పెంచిందో ఇక్కడ రాయను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిచెట్లను పడగొట్టిన మర్నాడు మా పెంకులు సర్దకుండా, స్కూల్లో తలదాచుకున్నవాళ్లకి గంజి కాచడానికి వెళ్లిపోతే నాకు ఒళ్లు మండింది, నిజం చెప్తున్నా.

శాలువాలు, సన్మానాలు వద్దండి. డయాలసిస్ గది బయట తోడొచ్చినవాళ్లు నాలుగేసి గంటలు నేల మీదే కూర్చుంటున్నారు, మోకాళ్ల నొప్పులతో ఆమే అలాగే కూర్చుంది. నాలుగు బెంచీలు, ఒక ఫ్యాను. వాటి మీద అమ్మ పేరు రాయక్కర్లేదు.