పెద్రో ఒక్కడే క్రూరుడా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో కాస్తీల్ (నేటి స్పెయిన్‌లోని పాత రాజ్యం) రాజు మొదటి పెద్రోను ‘క్రూరుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చంపించిన మాట నిజమే. 1358లో సవతి అన్న ఫద్రికేను సెవిల్యా కోటకు పిలిపించి చంపించాడు, శవం ఉన్న గదిలోనే కూర్చుని భోజనం చేశాడంటారు. కానీ అలా రాసిపెట్టిన చరిత్రకారుడు అయాలా ఎవరు? 1366లో పెద్రోను వదిలి, గద్దె కోసం అతనితో పోరాడుతున్న మరో సవతి అన్న ఎన్రికే పక్షానికి దూకినవాడే! అంతకుముందు 1351లో ఫద్రికే తల్లి లియోనోర్‌ను చంపించింది పెద్రో తల్లి మరియా అంటారు. ఆ ఇంట్లో పగ ఇద్దరు ఆడవాళ్ల దగ్గరే మొదలైంది.

1369లో మోంతియేల్ దగ్గర గుడారంలో తమ్ముడు పెద్రోను స్వయంగా కత్తితో పొడిచి గద్దెనెక్కిన ఎన్రికేకు మాత్రం ‘వరాల రాజు’ అని పేరు. ఉత్తినే వచ్చిందా? తనవైపు నిలిచిన ప్రభువులకు ఊళ్లకు ఊళ్లే రాసిచ్చాడు మరి. ఆ భూములతో బలిసిన వంశాలే తర్వాతి రాజులకు పెద్ద తలనొప్పి అయ్యాయి.

చివరికి 1388లో పెద్రో మనవరాలు కాటలీనాను ఎన్రికే మనవడికే ఇచ్చి పెళ్లి చేసి రాజీపడ్డారు. మీ వ్యాసంలో ఈ ముక్కే లేదు.

– ఒక పాఠకుడు, తెనాలి