అనంతపురం మన కాలేజీ ఫుట్‌బాల్ పూర్వ క్రీడాకారుల సంఘం – ఈ ఏడాది వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, నేరుగా విషయంలోకి వస్తా. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం కోచ్‌ల గురించే ఉంటుంది. టీమ్ గెలిస్తే ఫోటోలో పిల్లలుంటారు, ప్రిన్సిపాల్ గారుంటారు, కప్పు ఇచ్చిన పెద్దమనిషి ఉంటాడు. పొద్దున ఐదున్నరకే వచ్చి చీకట్లో సెల్‌ఫోన్ లైటు పట్టుకుని కోన్లు పెట్టినవాళ్లు ఆ ఫోటోలో ఉండరు. వాళ్ల పని కనీసం మన సంఘం కాగితాల్లోనైనా ఉండాలి. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు, కాబట్టి రాయడం లేదు, సమావేశంలో వేదిక మీద పిలిచి చెబుతాం.

మన పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ కాక నలుగురున్నారు. కాలేజీ జీతం తీసుకునేది పీడీ సార్ ఒక్కరే, మిగతావాళ్లకు మనం ఇచ్చేది దారి ఖర్చులే.

పెద్ద కోచ్ గారు ఉద్యోగానికి పోయే ముందు రెండు గంటలు, సాయంత్రం మళ్లీ వచ్చి ఇంకో గంటన్నర గ్రౌండ్‌లో ఉంటారు. ఆయన దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఏ పిల్లవాడు ఎన్ని రోజులు వచ్చాడు, ఎవరికి కాలు నొప్పి, ఎవరు తినకుండా వచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. హాస్టల్ పిల్లలు చాలామంది ఖాళీ కడుపుతో ప్రాక్టీసుకు వస్తున్నారని మనకు తెలిసింది ఆ నోట్‌బుక్ వల్లే. అప్పటి నుంచి ప్రాక్టీసు కాగానే రాగి జావ, ఉడకబెట్టిన చెనక్కాయలు పెడుతున్నాం. ఈ ఒక్క పనికి సభ్యుల చందాలు ఎంత ఉపయోగపడ్డాయో పిల్లల్ని అడిగితే తెలుస్తుంది.

అసిస్టెంట్ కోచ్ మన టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్ ఆడిన కుర్రాడే. ఈ ఏడాది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్ కోర్సు చేసి వచ్చాడు. దాని పైన సి, బి, ఎ, ప్రో ఉన్నాయి, ఇది మొదటి మెట్లలోదే, అయినా మన గ్రౌండ్‌లో కోచ్ లైసెన్స్ ఉన్న మనిషి నిలబడటం ఇదే మొదలు. సెలవు పెట్టి, జీతం కోత పడినా పోయాడు. తిరిగొచ్చాక ప్రాక్టీసు పద్ధతే మారింది. మన కాలంలో గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు పరిగెత్తించి, రెండు జట్లు చేసి వదిలేసేవారు, బంతి ఎప్పుడూ బాగా ఆడే నలుగురి కాళ్ల దగ్గరే తిరిగేది. ఇప్పుడు చిన్న గడి గీసి ఐదుగురిని చుట్టూ, ఇద్దరిని మధ్యలో నిలబెడతాడు, లేదంటే నలుగురికి నలుగురు ఆడిస్తాడు. ఎవరికీ దాక్కోవడానికి చోటుండదు, పది నిమిషాల్లో ప్రతివాడికీ బంతి ఎన్నోసార్లు తగులుతుంది. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే గడి గీసుకుంటున్నారు.

గోల్‌కీపింగ్ కోచ్ గారు రైల్వేలో రిటైరైన పెద్దాయన, వారానికి రెండు రోజులు గుంతకల్లు నుంచి రైలెక్కి వస్తారు. రైలు లేటైతే ముందు ఫోన్ చేస్తారు, ఏడాదిలో ఒక్కసారి కూడా చెప్పకుండా మానలేదు. ఆయన చేయించే తాడు పాఠం మీరు ఒకసారి వచ్చి చూడాలి. రెండు గోల్ పోస్టులకూ చెరొక తాడు కట్టి, రెండు కొసలూ బంతి దగ్గర కలుపుతారు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, గీత మీదే నిలబడిన కీపర్‌కు రెండు పక్కలా అదంతా ఖాళీగానే ఉంటుంది. నాలుగడుగులు బంతి వైపు ముందుకొస్తే తాళ్ల మధ్య చోటు ఎంత తగ్గుతుందో వాడి కంటికే కనిపిస్తుంది. మరీ ముందుకొస్తే నెత్తి మీదుగా పోతుంది, ఎత్తు 2.44 మీటర్లు కదా, అది కూడా కొట్టి చూపిస్తారు. సొంత జట్టువాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదని 1992లో నియమం వచ్చింది, అది వచ్చి ఇన్నేళ్లయినా మన కీపర్లకు కాలితో ఆడటం సరిగ్గా ఎవరూ నేర్పలేదు. ఈయన నేర్పుతున్నారు.

ఫిజియో మేడం శనివారాలు వస్తారు. మన నేల సంగతి తెలిసిందే, ఎర్రమట్టి, కింద గట్టి గరుసు, పడితే చర్మం ఊడొస్తుంది, మడమ మెలిక పడితే నెల రోజులు మంచం. మేడం వచ్చాక ఫిఫా 11+ అనే వార్మప్ మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు, పరుగు, ఒంటికాలి మీద బ్యాలెన్స్, తొడ కండరాలకు బలం, గెంతి సరిగ్గా దిగడం. కోన్లు, బంతి తప్ప వేరే సామాన్లేమీ అక్కర్లేదు. మోకాలు, చీలమండ గాయాలు తగ్గించడానికే దాన్ని తయారు చేశారు. ఎండాకాలం ప్రతి సగంలో ఒకసారి ఆట ఆపి నీళ్లు తాగించాలని గట్టిగా చెప్పింది కూడా ఆమే.

ఇక ఈ ఏడాది మనందరం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు ఆగస్టు 29. జాతీయ క్రీడా దినోత్సవం నాడు దండలు వేసి ఫోటోలు దిగి పోవడం కాకుండా, చుట్టుపక్కల స్కూళ్ల పీఈటీలను (వ్యాయామ ఉపాధ్యాయులను) పిలిచి మన కోచ్‌లతో ఒక రోజు శిక్షణ పెడదామని పెద్ద కోచ్ గారే అన్నారు. ఉరవకొండ, కళ్యాణదుర్గం, తాడిపత్రి, రాయదుర్గం వైపు నుంచి వచ్చారు, ధర్మవరం నుంచి కూడా వచ్చారు, 2022లో జిల్లా వేరైనా మనవాళ్లే కదా. పొద్దున ఉగ్గాని, బజ్జీ పెట్టి ఏడు గంటలకు మొదలుపెట్టాం. పదిన్నరకు వాన పట్టుకుంది. మన జిల్లాలో వాన పడితే తిట్టుకునేవాడు ఎవడూ ఉండడు, అందరం నవ్వుకుంటూ వరండాలోకి చేరాం. ఊరికే కూర్చోవడం ఎందుకని పెద్ద కోచ్ గారు సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి చెప్పడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి 1950 నుంచి 1963 దాకా దేశం టీమ్‌ను నడిపించారు, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయన్ను పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా, 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది ఆ జర్నైల్ సింగ్‌దే. రహీం గారు అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఇది చెప్పేటప్పుడు పెద్ద కోచ్ గారి గొంతు పూడుకుపోయింది. వరండాలో ఎవరూ మాట్లాడలేదు, వాన చప్పుడు ఒక్కటే.

వాన తగ్గాక ఆ ఎర్ర బురదలోనే తాడు పాఠం చేయించారు. పీఈటీలే కీపర్లుగా నిలబడ్డారు, యాభై దాటిన ఒక మేడం చీర కొంగు దోపుకుని మూడు బంతులు ఆపారు. పోయేటప్పుడు ఒక సార్ నా దగ్గరకొచ్చి, మా బడిలో గోల్ పోస్టుల్లేవన్నా, రెండు రాళ్లు పెట్టి ఆడిస్తా, రాళ్లకు కూడా తాడు కట్టొచ్చు కదా అన్నాడు. వచ్చిన ప్రతి బడికీ ఒక బంతి, ఒక తాడు ఇచ్చి పంపాం.

యూనివర్సిటీ అంతర్ కళాశాలల పోటీల్లో సెమీస్ దాకా పోయి ఓడాం. మంచి ఆటే ఆడారు.

లెక్కలు: ఖర్చు ఎక్కువగా బంతులు, ప్రయాణాలు, జావ, లైసెన్స్ కోర్సు మీద అయ్యింది. అప్పు లేదు. కోశాధికారి గారి పత్రం మీద ఆడిటర్ సంతకం అయ్యింది, సమావేశంలో కాపీలు ఇస్తారు, అనుమానాలుంటే అక్కడే అడగండి.

ఇప్పుడు బాధ కలిగించిన సంగతులు కూడా చెప్పాలి. సీజన్ మధ్యలో గ్రౌండ్‌ను ఎగ్జిబిషన్‌కు ఇచ్చారు. ఇచ్చినవాళ్లకు ముందే అర్జీ పెట్టాం, తర్వాత గుంతలు పూడ్చమని మళ్లీ పెట్టాం, మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాను, ఫైలు పైన ఉందన్నారు, ఇప్పటికీ పైనే ఉంది. డేరాల మేకులు మట్టిలోనే వదిలేసి పోతే మన కోచ్‌లు ఇద్దరు అయస్కాంతం తాడుకు కట్టి రెండు రోజులు గ్రౌండంతా లాగి ఏరారు. ఒక పిల్లవాడి అరికాలులో దిగాక గానీ మేకులున్నాయని మాకూ తెలియలేదు. ఊళ్లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడాగ్రామంలో గడ్డి మైదానం చూసొచ్చిన పిల్లలు మన గ్రౌండ్ ఎప్పుడు బాగవుతుందని అడుగుతుంటే నా దగ్గర సమాధానం లేదు.

సభ్యుల సంగతి. పీఈటీల శిక్షణకు ముందు రోజు సున్నం గీతలు వేయడానికి రమ్మంటే వాట్సాప్‌లో అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు, వచ్చింది ఐదుగురు. అర్ధరాత్రి దాకా గీతలు వేసింది అసిస్టెంట్ కోచ్, పీడీ సార్, మేం ఐదుగురం. చందా ఇవ్వడం గొప్ప విషయమే, కాదనను, కానీ సున్నం బస్తా మోయడానికి చేతులు కావాలి. పెళ్లిళ్లు, పంటలు, డ్యూటీలు అందరికీ ఉన్నాయి, గుంతకల్లు పెద్దాయనకూ మోకాళ్ల నొప్పులున్నాయి.

కృతజ్ఞతలు: గదులు, నీళ్లు ఇచ్చిన ప్రిన్సిపాల్ గారికి, జావ కాచే హాస్టల్ వంట అక్కలకు, చిరిగిన నెట్లు డబ్బు తీసుకోకుండా అల్లిచ్చిన అన్నకు, బెంగళూరు నుంచి బూట్లు పంపిన మన పాత బ్యాచ్‌కు, అర్ధరాత్రి దాకా నిలబడి గీతలు వేసిన ఆ ఐదుగురికి, కోచ్‌ల ఇంట్లోవాళ్లకు. పండగ పూట కూడా వాళ్లను గ్రౌండ్‌కు పంపారు.

వచ్చే ఏడాదికి కావాల్సినవి: రెండు జతల కీపర్ గ్లవ్స్, గుంతలకు నాలుగు ట్రాక్టర్ల మట్టి, అమ్మాయిల జట్టు పెట్టమని కాలేజీ అమ్మాయిలు రాసిచ్చారు కాబట్టి వాళ్లకు ఒక మహిళా కోచ్. తెలిసినవాళ్లుంటే చెప్పండి. పెద్ద కోచ్ గారిని కూడా లైసెన్స్ కోర్సుకు పంపాలని కమిటీ తీర్మానం, సమావేశంలో ఓటుకు పెడతాం.

సమావేశం ఆదివారం ఉదయం పది గంటలకు, కాలేజీ సెమినార్ హాల్లో. కోచ్‌లకు సన్మానం ముందే చేస్తాం, చివర్లో జనం పోయాక కాదు. సాయంత్రం నాలుగున్నరకు మనకూ ఇప్పటి టీమ్‌కూ మ్యాచ్, బూట్లు తెచ్చుకోండి, వార్మప్ మేడం చేయిస్తారు.

ఇట్లు,
కార్యదర్శి