నూటికి నాలుగు రూపాయల సర్వర్

వారం రోజులుగా చాలామంది హోస్టింగ్ రేట్లు పెంచుతున్నారా అని మెసేజ్ పెడుతున్నారు. పెంచట్లేదండీ, ఈ ఏడాదికి పాత రేటే. కాకపోతే మీలో దాదాపు సగం మంది సైట్లు వేరే సర్వర్‌కి (సైట్లు నడిచే కంప్యూటర్‌కి) మారతాయి, దాంతోపాటు ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ సర్వర్‌కి ఉండే నంబర్) కూడా మారుతుంది. ఎందుకో చెప్తాను, లెక్కలు కాస్త ఎక్కువే ఉంటాయి, ఓపిక పట్టండి.

మీ సైట్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు, మెయిళ్లు అన్నీ ముంబైలో మేం అద్దెకు తీసుకున్న రెండు డెడికేటెడ్ సర్వర్ల (పూర్తిగా మనకే ఇచ్చిన మెషిన్ల) మీద నడుస్తున్నాయి. ఒక్కోదానికి నెలకి 11,000. మూడేళ్లు కట్టాం, అంటే ఒక్క సర్వర్ మీదే 3,96,000 పోశాం, అందులో ఒక్క స్క్రూ కూడా మనది కాదు. సరిగ్గా ఈ బాధలో ఉన్నప్పుడే ఒక కంపెనీవాళ్లు 'రెంట్ టు ఓన్' అని వచ్చారు: నెలకి 14,500 చొప్పున 24 నెలలు కడితే సర్వర్ మీ పేరు మీదకి వచ్చేస్తుంది, ఆ తర్వాత డేటా సెంటర్ ర్యాక్‌లో చోటుకి, కరెంటుకి, నెట్‌కి కలిపి 5,500 కడితే చాలు. నిజం చెప్పాలంటే విన్న రోజు నాకు చాలా నచ్చింది. ఇల్లు అద్దెకున్నవాడికి ఆ అద్దెతోనే ఇల్లు సొంతమవుతుందంటే నచ్చదా మరి.

మా బావ వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ చేస్తాడు, సర్వర్ అంటే ఏంటో తెలీదు. అన్నీ విని ఒకటే అడిగాడు: "నూటికి ఎంత పడుతోంది?" ఆ ప్రశ్న నాకు తట్టలేదు. కూర్చుని వేశాను. అలాంటి మెషినే సెకండ్ హ్యాండ్‌లో కొంటే నాకు వచ్చిన కొటేషన్ జీఎస్‌టీ కాకుండా 1,35,000. ర్యాక్ ఖర్చు 5,500 తీసేస్తే నెలకి మిగిలిన 9,000 ఆ సరుకుకి కడుతున్న వాయిదా. 24 నెలలకి 2,16,000. 1,35,000 పోను 81,000 వడ్డీ పైకి చిన్నగానే కనిపిస్తుంది గానీ, అసలు నెలనెలా తగ్గుతూ వస్తుంది కాబట్టి తగ్గే బాకీ మీద లెక్కేస్తే నెలకి నూటికి నాలుగు రూపాయల పైనే పడింది. మా బావ నవ్వి, "ఆ వడ్డీకి నేనే ఇస్తాను కదరా" అన్నాడు.

అది అలా ఉంచి, వాళ్లిస్తామన్న మెషిన్ సంగతి చూడండి. రెండు జియాన్ గోల్డ్ 6130 ప్రాసెసర్లు, 128 జీబీ ర్యామ్. 2017లో వచ్చిన చిప్‌లు. మనకున్న లోడ్‌కి బాగానే సరిపోతాయి, నేను కొనబోయేదీ అదే తరం. సర్వీస్ ట్యాగ్ నంబర్ (మెషిన్ ఎప్పటిదో, వారంటీ ఉందో లేదో చూసుకునే నంబర్) ఇవ్వమన్నాను. కొట్టి చూస్తే 2018లో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన బండి, వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఎస్ఎస్‌డీల (అందులోని డిస్కుల) స్మార్ట్ రిపోర్ట్, అంటే ఎంత అరిగాయో చెప్పే రిపోర్ట్, అడిగితే రెండు రోజులు నసిగి పంపారు, ఒక డిస్క్ అప్పటికే 71 శాతం అరిగిపోయి ఉంది. అంటే వాయిదాలు తీరి నా పేరు మీదకి వచ్చేసరికి ముందు నేను చేయాల్సిన పని డిస్కులు మార్చడమే.

అగ్రిమెంట్‌లో తొమ్మిదో పేజీలో ఇంకోటి ఉంది. ఏ నెలైనా వాయిదా ఏడు రోజులు దాటితే అప్పటిదాకా కట్టిందంతా అద్దె కింద జమ. ఇరవై మూడో నెలలో మీలో నలుగురు పేమెంట్ లేటు చేస్తే (ఎవరో మీకు తెలుసు, పేర్లు చెప్పను) నా సర్వర్ గోవిందా. ఐపీ అడ్రసులు అయితే ఎప్పటికీ వాళ్లవే. ఐపీవీ4 (ఇప్పుడు మనం వాడే రకం ఐపీ అడ్రసులు) మన ఆసియాలో 2011 ఏప్రిల్‌లోనే పంచడానికి మిగిలిన చివరి బ్లాకుకి వచ్చేసింది, ఎవరూ ఊరికే వదులుకోరు.

అద్దెలో సుఖం లేదని కాదు. పోయిన దసరాకి రాత్రి రెండింటికి డిస్క్ పోతే టికెట్ పెట్టిన గంటలో ముంబై సర్వర్ అద్దెకిచ్చినవాళ్లే మార్చారు, రూపాయి అడగలేదు. సొంత మెషిన్‌కి ఆ పని చేయించుకుంటే చేతికూలి వేరే, డిస్క్ మనమే ఇచ్చి ఉంచాలి.

అందుకని ఇలా చేశాను. నా చీటీ ఈ నెల పాడి ఎత్తాను, కోత పోయింది, ఆ కోత నాలుగు రూపాయల వడ్డీ దరిదాపుల్లో కూడా లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎక్కిపోతున్నాయి, ఇంకా ఆగితే ఈ రేటూ రాదని తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. ఒక సర్వర్ సొంతంగా కొని హైదరాబాద్‌లో ర్యాక్‌లో పెట్టిస్తున్నాను. స్పేర్ డిస్కులు రెండు, 18,000 అయ్యాయి. 11,000 అద్దె బదులు ర్యాక్‌కి 5,500 పోను నెలకి మిగిలే 5,500తో ఇవన్నీ తిరిగి రావడానికి 28 నెలలు. రెంట్ టు ఓన్ అయితే అద్దెతో పోల్చి చూసినా 40వ నెలకి గానీ గట్టెక్కేవాణ్ణి కాదు. రెండో సర్వర్ ముంబైలో అద్దెకే ఉంటుంది, సొంతదాని బ్యాకప్ రోజూ రాత్రి అక్కడికి వెళ్తుంది.

మార్పు వచ్చే నెల రెండో ఆదివారం రాత్రి 11 నుంచి. గంట, గంటన్నర సైట్లు ఆగుతాయి, తెల్లారేదాకా నేను మేలుకునే ఉంటాను. ఎస్ఎంఎస్ గేట్‌వేలోనో పేమెంట్ గేట్‌వేలోనో మన ఐపీ వైట్‌లిస్ట్ (ఈ ఐపీ నుంచి వస్తేనే ఒప్పుకోమని నమోదు) చేయించుకున్నవాళ్లు దయచేసి ఈ శుక్రవారంలోగా నాకు వాట్సాప్‌లో చెప్పండి, కొత్త ఐపీ ముందే ఇస్తాను. లేదంటే సోమవారం పొద్దున ఓటీపీలు రావట్లేదని మీ కస్టమర్లు మీకు, మీరు నాకు ఫోన్లు. కొత్త ఐపీ నుంచి మెయిళ్లు మొదటి వారం పది రోజులు కొందరికి స్పామ్‌లో పడొచ్చు, రివర్స్ డీఎన్ఎస్ (ఆ ఐపీ ఏ పేరుదో చెప్పే రికార్డు) అవీ ముందే పెట్టిస్తున్నాను గానీ, ముఖ్యమైన ఇన్‌వాయిస్ పంపితే ఒకసారి ఫోన్ చేసి అందిందో లేదో కనుక్కోండి. పాత ఐపీ ఆ నెలాఖరుదాకా తీసేయను.